ఉప్పు బోరు నీటితో చెన్నై మిద్దెతోటలో ఏ కూరగాయలు నిలుస్తాయి?

చెన్నై తిరువాన్మియూరులో, కూరగాయల ఖర్చు కొంతైనా తగ్గుతుందన్న ఉద్దేశంతో మా మిద్దె మీద గ్రోబ్యాగుల్లో వంగ, మిరప, చిక్కుడు, కొత్తిమీర వేశాము. మొక్కలు జానెడు ఎత్తు వచ్చేవరకు బాగానే ఉంటున్నాయి. ఆ తరువాత ముదురు ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు మారి ఎండిపోతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటోంది, దానిని గోటితో గీస్తే పొడిగా రాలుతోంది. ఆకుల అడుగున పేను గానీ పురుగు గానీ కనబడలేదు.

సముద్రం దగ్గర కావడం వల్ల కాబోలు, బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరులో 1,900 చూపుతోంది. ఎర్రమట్టిలో కలిపిన కొబ్బరి పొట్టును ముందే పలుమార్లు కడిగాము. వారానికొకసారి అడుగు రంధ్రాల గుండా ధారగా కారేంతవరకు నీరు పోసి చూశాము, బ్యాగుకు గుప్పెడు జిప్సం వేశాము, రసాయన ఎరువులు పూర్తిగా మానేశాము. పొర తగ్గింది, ఆకులు మాడటం ఆగలేదు. ఆర్వో యంత్రం వదిలే నీటిలో ఉప్పు ఇంకా ఎక్కువ కనుక దానిని వాడటం లేదు. క్యాను నీరు పోస్తే మొక్కలు కోలుకుంటున్నాయి గానీ, ఆ ధరకు కోయంబేడు మార్కెట్లో కూరగాయలే కొనుక్కోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాన నీరు పట్టుకోగలము. మిగతా నెలలకు బోరే దిక్కు.

ఇంత ఉప్పు నీటితోనే చెన్నై వేసవిలో గ్రోబ్యాగుల్లో మీకు నిజంగా కాపునిచ్చిన కూరగాయలు, ఆకుకూరలు ఏవి?