స్టూడియోలో టాంగో జంటను తీయడం: కాలు ఆగాలి, నాట్యం ఆగకూడదు

ప్రశ్న – వెలుగుగది

నమస్కారం. నేను స్టూడియోలో ఎక్కువగా పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. ఒక టాంగో జంట తమ ప్రదర్శనల ప్రచారానికి నిలువెత్తు చిత్రాలు కావాలని అడిగారు, అసలు షూట్‌కు ముందు ఒక పూట ప్రయోగంగా తీసి చూశాం. గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. పాత రకం మోనోలైట్లు (స్టూడియో ఫ్లాష్ దీపాలు) రెండింటికి వెలుగును మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్సులు తగిలించి, నర్తకులకు 2 మీటర్ల దూరంలో పెట్టి, శక్తిని 1/8కి తగ్గించాను. షట్టర్ 1/200, ఎపర్చర్ ఎఫ్/4, ఐఎస్ఓ 100.

ముఖాలు, దుస్తులు పదునుగా వచ్చాయి. అయితే ఆమె కాలును వేగంగా విసిరినప్పుడు మోకాలి వరకు స్పష్టంగా ఉండి, పాదం మాత్రం తడి సిరా మీద వేలు రాసినట్టు చెదిరిపోతోంది. ఆ పాదం కోసం "అలాగే ఆగండి" అని నిలబెట్టి తీస్తే బొమ్మ పదునుగానే వస్తోంది కానీ, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలుచున్నట్టుంది తప్ప నాట్యం చేస్తున్నట్టు లేదు. ఇవి కాక మరో రెండు ఇబ్బందులున్నాయి. ఆయన నల్ల సూటు ముదురు బూడిద రంగు నేపథ్యంలో కలిసిపోతోంది. నేపథ్యం కాగితాన్నే నేల మీదికి కూడా పరిచాను, ఆమె మడమ తిరిగిన చోటల్లా అది చిరిగింది. టాంగోను గాని, స్టూడియోలో ఇతర జంట నృత్యాలను గాని తీసిన అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం – ఎఫ్ఎనిమిది

పాదం చెదరడానికి కారణం మీ షట్టర్ కాదు. మీరు చెప్పిన సెట్టింగులలో ఫ్లాష్ ఆపేసి ఒక బొమ్మ తీసి చూడండి. అది పూర్తిగా నల్లగా వస్తే, చిత్రంలోని వెలుగంతా ఫ్లాష్‌దే అని, కదలికను ఆపే పని కూడా షట్టర్‌ది కాక ఫ్లాష్ వెలిగి ఆరే వ్యవధిదే అని అర్థం. పాత రకం మోనోలైట్లు వోల్టేజీని తగ్గించి శక్తిని తగ్గిస్తాయి. అటువంటి వాటిలో పూర్తి శక్తి దగ్గరే మెరుపు పొట్టిగా ఉంటుంది, శక్తిని తగ్గించేకొద్దీ అది సాగుతుంది. కెమెరా నెత్తిన పెట్టుకునే చిన్న ఫ్లాష్‌లలోనూ, మెరుపును మధ్యలోనే కత్తిరించే ఐజీబీటీ పద్ధతిలో పనిచేసే కొత్త స్టూడియో ఫ్లాష్‌లలోనూ ఇది తలకిందులుగా ఉంటుంది, అంటే శక్తి తగ్గిస్తే మెరుపు పొట్టిదవుతుంది. మీరు 1/8కి తగ్గించి, తెలియకుండానే మీ దీపాలకు వీలైన వాటిలో నెమ్మదైన మెరుపును ఎంచుకున్నారు.

కంపెనీలు డబ్బా మీద వేసే అంకెను కూడా కొంచెం అనుమానంగా చూడాలి. అది సాధారణంగా టీ 0.5 అనే కొలత, వెలుగు సగానికి పడిపోయేవరకు పట్టే కాలాన్ని మాత్రమే చెబుతుంది. కదలికకు పనికివచ్చేది టీ 0.1, అంటే వెలుగు పదో వంతుకు పడిపోయేవరకు పట్టే కాలం. పాత రకం ఫ్లాష్‌లలో అది దాదాపు మూడింతలు ఉంటుంది. అంటే డబ్బా మీద 1/1000 అని ఉంటే నిజంగా మీ చేతికి వచ్చేది 1/330 మాత్రమే. పాదం సెకనుకు 5 మీటర్ల వేగంతో వెళుతోందనుకుంటే, ఆ వ్యవధిలో అది 15 మిల్లీమీటర్లు జరుగుతుంది. చెప్పు అంచు చెదరడానికి అంత చాలు. మోకాలు తక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి అది పదునుగా ఉండిపోయింది.

దీనికి కొత్త దీపాలు కొనవలసిన పనిలేదు, ఉన్నవాటిని వెనక్కి జరపండి. 2 మీటర్ల నుంచి 4 మీటర్లకు తీసుకువెళితే అంతే వెలుగుకు నాలుగు రెట్ల శక్తి కావాలి, కనుక మీ ఫ్లాష్ 1/8 నుంచి 1/2కి వస్తుంది. మరో స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం అయ్యే మెట్టు) పెంచి పూర్తి శక్తికి తెస్తే ఎపర్చర్ ఎఫ్/5.6 అవుతుంది. మెరుపు పొట్టిదవుతుంది, ఫోకస్ లోతు పెరుగుతుంది. నాట్యానికి అంతకంటే ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. దీపం 2 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు జంట ఒక మీటరు అవతలికి అడుగువేస్తే వెలుగు ఒక స్టాప్‌కు మించి పడిపోతుంది. అదే దీపం 4 మీటర్ల దూరంలో ఉంటే అదే అడుగుకు మూడింట రెండు వంతుల స్టాప్ కూడా పడదు. నర్తకులను ఒక గీత దగ్గర నిలబెట్టనక్కరలేదు, వాళ్లకు తిరిగే చోటు దొరుకుతుంది. నీడలు కొంచెం గట్టిపడతాయి, కాని నాట్యానికి అది నష్టమని నేను అనుకోను.

నల్ల సూటు సంగతికి వస్తే, ముందునుంచి ఎంత వెలుగు పోసినా అది విడిపడదు. సాఫ్ట్‌బాక్సు ఒకటి చాలు, దానిని పక్క గోడ దగ్గర, జంటకు కొంచెం ముందుగా ఉంచండి. రెండో దీపానికి స్ట్రిప్‌బాక్సు (సన్నని సాఫ్ట్‌బాక్సు), దాని మీద వెలుగు పక్కలకు చిమ్మకుండా ఆపే గ్రిడ్ పెట్టి, జంట వెనుక అవతలి పక్కనుంచి భుజం, వీపు, ప్యాంటు అంచు మీదుగా జారేలా తిప్పండి. ఆ అంచు వెలుగు కాళ్ల కింది దాకా దిగాలి. చాలామంది భుజం చూసి సరిపెట్టుకుంటారు, టాంగోలో చూడవలసింది మోకాలి కింద కదా.

లెన్సు విషయం క్లుప్తంగా చెబుతాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టి, జంట చుట్టూ కొంత ఖాళీతో 2.4 మీటర్ల ఎత్తు పట్టాలంటే 85 మిల్లీమీటర్ల లెన్సుకు సుమారు 5.7 మీటర్లు కావాలి. నేపథ్యానికి 2 మీటర్లు వదిలితే మీకు నిలబడే చోటు మిగలదు. 70కి 4.7 మీటర్లు సరిపోతాయి. 35తో దగ్గరికి వెళ్లకండి, ఫ్రేము అంచున చాచిన కాలు సాగిపోయి కనిపిస్తుంది. కెమెరాను నడుము ఎత్తున ఉంచండి.

సమాధానం – పక్కఅడుగు

నేను ఫోటోగ్రాఫర్‌ను కాను, టాంగో నర్తకిని. కెమెరా ముందు నిలబడిన వైపు నుంచి చెబుతాను. మీరు చెప్పిన కాలి విసురు బహుశా బొలెయో అయి ఉంటుంది. తిరుగుతున్న శరీరం ఒక్కసారిగా దిశ మార్చుకున్నప్పుడు, బరువు లేని కాలు వెనకబడి గాలిలోకి లేచి, చివరిదాకా వెళ్లి, తిరిగి వస్తుంది. ఆ చివరన, వెళ్లడం ముగిసి రావడం మొదలుకాని చోట, పాదం దాదాపు ఆగుతుంది. కాలు అందంగా కనబడేది కూడా అక్కడే. కాబట్టి విసురు మధ్యలో నొక్కిన బొమ్మకు ఎంత పొట్టి మెరుపూ అందం తేలేదు, చివరన నొక్కితే మీ పాత దీపాలు కూడా చాలావరకు సరిపోతాయి. నడకలో ఆ క్షణం వేరు: కాలు వెనక్కి పూర్తిగా చాచుకుని, బరువు ఇంకా దాని మీదికి చేరకముందు తీయాలి. బరువు చేరిపోయాక తీస్తే మామూలుగా నిలుచున్న మనిషే కనబడతాడు.

"ఆగండి" అన్నప్పుడు నాట్యం పోవడానికి కారణం కూడా బరువే. బొలెయోలో కాలిని లేపేది ఆ కాలి కండరం కాదు, నడిపించే వ్యక్తి ఛాతీ తిరుగుడు. ఆగమంటే ఆ తిరుగుడు పోతుంది, మేము కాలును సొంత బలంతో పైకెత్తి పట్టుకుంటాం. తొడ బిగుస్తుంది, భుజం లేస్తుంది, ఆయన వీపు మీద ఉన్న నా వేళ్లు కోటును పిడికిట్లోకి లాగుతాయి. బొమ్మలో ఆ ముడతలు చూస్తేనే తెలిసిపోతుంది. దానికి బదులు ఎనిమిది లెక్కల చిన్న వరుస ఒకటి ఎంచుకోమని, దానినే మళ్లీ మళ్లీ నాట్యం చేయమని చెప్పండి. కాసేపటికి ఆ క్షణం ఎప్పుడు వస్తుందో మీ వేలికే తెలుస్తుంది.

గదిలో సంగీతం తప్పనిసరిగా ఉండాలి, అది కూడా పనికి తగ్గది. నడక చిత్రాలకు కార్లోస్ ది సార్లి, చురుకైన పాదాలకు హువాన్ ద'అరియెంసో, నిలుపులకు ఒస్వాల్దో పుగ్లియేసె వాద్యబృందాల రికార్డింగులు పెట్టమని వాళ్లనే అడగండి. పుగ్లియేసె సంగీతంలో లయ సాగి ఆగే చోట్లు ఉంటాయి. అక్కడ జంట దానంతట అదే ఆగుతుంది, మీరు చెప్పనక్కరలేదు. ఆ ఆగడంలో శ్వాస ఉంటుంది.

మరొక మాట. వాళ్లది ఏ టాంగో అని ముందే అడగండి. బ్యూనస్ ఎయిరెస్‌లో జరిగే ప్రపంచ పోటీలలో కూడా పిస్తా (నాట్యశాల నేల మీది టాంగో), ఎస్సెనారియో అని రెండు విభాగాలున్నాయి. రంగస్థలపు ఎస్సెనారియో అయితే ఎత్తులు, పెద్ద కాలి విసుర్లు, దూరం నుంచి కూడా చదవగల ఆకారాలు ఉంటాయి. పిస్తా అయితే చూడవలసినది ఆలింగనం, పాదాలు, నేల. ఆలింగనంలో పట్టుకున్న చేతులున్న వైపు తెరిచి ఉంటుంది, రెండో వైపు ఆయన కుడిచేయి, ఆమె ఎడమచేయి శరీరాలను మూసేస్తాయి. ముఖాలు కావాలంటే తెరిచిన వైపు నుంచి, వీపు మీది చేయి కావాలంటే మూసిన వైపు నుంచి తీయండి. దగ్గరి ఆలింగనంలో కళ్లు మూసుకునే నర్తకులు చాలామంది. దయచేసి ఆ చిత్రాలను "కన్ను మూసింది" అని పక్కన పడేయకండి.

కాగితం మీద మాత్రం మళ్లీ తిప్పకండి. అది చిరగడం మీకు నష్టం, మడమ దానిలో చిక్కుకోవడం మాకు ప్రమాదం. నాట్య వేదికలకు పరిచే వినైల్ కూడా మాకు అంతగా నప్పదు, అరికాలు పట్టేసి శరీరం తిరుగుతుంటే భారం మోకాలి మీద పడుతుంది. చెక్క నేల ఉత్తమం. కాగితాన్ని గోడ వరకే దించి, ముందు భాగాన్ని చెక్కగానే చిత్రంలో ఉంచితే, పాదాల కింద మెరుపు కూడా దక్కుతుంది.

సమాధానం – నెమ్మదిషట్టర్

పై ఇద్దరి మాటలూ సరైనవే, కానీ పాదం చెదరడాన్ని తప్పించవలసిన లోపంగానే ఎందుకు చూడాలి? కొన్ని చిత్రాలు పదునుగా తీశాక, మిగిలిన సమయంలో దానిని కావాలని తెచ్చుకోండి. ఒక పక్కనుంచి నిరంతరం వెలిగే టంగ్‌స్టన్ దీపం, ఇంకో పక్కనుంచి ఫ్లాష్, షట్టర్ 1/4 లేదా 1/2 సెకను, ఫ్లాష్ రియర్ కర్టెన్‌కు (షట్టర్ మూసుకునే ముందు వెలిగేలా). అప్పుడు కదలిక చారగా ముందు పడి, చివరన ఫ్లాష్ వెలిగి ఆకారం నిలుస్తుంది, చార శరీరం వెనుక ఉంటుంది. మామూలు సింక్‌లో ఫ్లాష్ మొదటే వెలుగుతుంది కనుక చార శరీరానికి ముందు పడి, మనిషి వెనక్కి నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఫ్లాష్‌కు పూర్తి మోతాదు నారింజ జెల్ (పారదర్శకమైన రంగు పొర) వేస్తే రెండు వెలుగుల రంగూ దగ్గరపడుతుంది. వేయకుండా వదిలి, వెచ్చని చారను చల్లని ఆకారం మీద ఉంచుకోవడమూ బాగానే ఉంటుంది, అది మీ అభిరుచి.

దీనికి బాగా సరిపోయేది టాంగోలో హీరో (స్పానిష్‌లో giro) అనే తిరుగుడు. అందులో ఒకరు ఇరుసులా మధ్యన ఉంటే రెండోవారు చుట్టూ నడుస్తారు, కాబట్టి ఒకే బొమ్మలో మధ్య భాగం నిలకడగా, అంచు కరిగినట్టుగా వస్తుంది. మీ జంట దుస్తులు కూడా కలిసివస్తాయి: నల్ల సూటు చార వదలదు, ఎర్రని లేదా లేత రంగు గౌను వదులుతుంది. ఆమె గౌను రంగు మీరు చెప్పలేదు, అది కూడా ముదురు రంగైతే ఈ ప్రయోగానికి మరొకటి తెమ్మనండి.

వెలుగుగది

అందరికీ ధన్యవాదాలు. గౌను ఎరుపు, కాబట్టి సరిపోతుంది. నిన్న దీపాన్ని వెనక్కి జరిపి, చెక్క నేల మీద ఆమె ఒక్కరితో బొలెయో తీసి చూశాను. చెప్పు పట్టీ బకిల్ వరకు లెక్కపెట్టగలిగేంత పదును వచ్చింది. ఒక్క సందేహం మిగిలింది. క్షణం తప్పిపోకుండా వరుసగా బర్స్ట్‌లో తీయవచ్చా?

ఎఫ్ఎనిమిది

పూర్తి శక్తిలో మీ ఫ్లాష్ మళ్లీ నిండడానికి సమయం పడుతుంది, కనుక బర్స్ట్‌లో మొదటి బొమ్మ తప్ప మిగిలినవి నల్లగానో, సగం వెలుగుతోనో వస్తాయి. ఒక్కొక్కటే తీయండి. ఫ్లాష్ మాన్యువల్‌లోనే ఉంచండి. టీటీఎల్‌లో (ఫ్లాష్ శక్తిని కెమెరాయే కొలిచి నిర్ణయించే పద్ధతిలో) ముందుగా వెలిగే కొలత మెరుపు వల్ల కొంచెం ఆలస్యమవుతుంది, దానికి కళ్లు కూడా స్పందిస్తాయి. అద్దం ఉన్న కెమెరా అయితే ఇంకొకటి గుర్తుంచుకోండి: బొమ్మ పడే క్షణంలో వ్యూఫైండర్ నల్లబడుతుంది, కాబట్టి కాలు చివరకు చేరడం మీ కంటికి కనబడిందంటే అది కెమెరాకు దక్కలేదన్నమాట. లెక్కను వింటూ, కాలు పైకి వెళుతుండగానే నొక్కండి.