‘రంజింపరాదు’: కుదరదనా, కూడదనా?

కాలువగట్టు (అమలాపురం): శివారు ఆయకట్టుకు దాళ్వా (రెండో పంట) నీరు ఇవ్వడంపై వచ్చిన ఒక ఇంగ్లీషు నివేదికను మా నీటి సంఘం రైతుల కోసం తెలుగు చేస్తున్నాను. ఫీజిబుల్, ప్రాక్టికబుల్, వయబుల్, రియలిస్టిక్ నాలుగూ ఒకే పేజీలో ఉన్నాయి. అన్నిటికీ ‘సాధ్యం’ అని రాస్తూ పోతే నాకే విసుగొచ్చింది. పోనీ ‘వచ్చు’తో సర్దుదామంటే, ‘నీరు ఇవ్వవచ్చు’ అంటే ఇవ్వగలరనా, ఇస్తారేమోననా, ఇచ్చేందుకు అనుమతి ఉందనా? ఇంతలో ‘తివిరి ఇసుమున’ పద్యం గుర్తొచ్చి వదలడం లేదు: ఇసుకలో నూనె తీయవచ్చు, ఎండమావిలో నీరు తాగవచ్చు, తిరిగి కుందేటి కొమ్ము సాధించవచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం రంజింపరాదు అని. అందులో మూడు ‘వచ్చు’లు, ఒక ‘రాదు’. నాలుగో పాదం ‘చేరి మూర్ఖుని’యా, ‘మూర్ఖుల’యా?

పద్యపిపాసి (పెద్దాపురం): ‘మూర్ఖుల’. దీన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి మా పెద్దాపురం వైపు వారు, కాబట్టి ఈ మాట మా హక్కు.

ద్రాక్షారామం మాస్టారు: ఊరు పాఠనిర్ణయం చేయదు నాయనా. తేటగీతిలో అక్కడ రెండో గణం. ‘మూర్ఖుల’, ‘మూర్ఖుని’ రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు). యతి చే-జింలకు కాబట్టి ఈ అక్షరం జోలికే రాదు. ఛందస్సు తీర్పు చెప్పదు. మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో ‘ప్రతినివిష్టమూర్ఖజనచిత్తం’ అని ఉంది. ‘జన’ ఉంది కనుక బహువచనం వైపే నా మొగ్గు. అయితే ‘ప్రతినివిష్ట’ ఎటు పోయింది? పట్టిన పట్టు విడవని మూర్ఖుడని భర్తృహరి బిగించి చెబితే, తెలుగులో మామూలు మూర్ఖుడు మిగిలాడు.

కోటిపల్లి రేవు: అది కాదండీ అసలు ప్రశ్న. ‘రంజింపరాదు’ అంటే రంజింపజేయడం కుదరదనా, చేయకూడదనా? మా ఇంట్లో పెద్దవాళ్లు రెండో అర్థంలోనే వాడేవారు. మూర్ఖుడితో వాదన పెట్టుకోవద్దురా అని మందలించడానికే ఈ పద్యం చదివేవారు.

ద్రాక్షారామం మాస్టారు: చదివే సందర్భం వేరు, పద్యార్థం వేరు. పై మూడూ ‘చేయగలం’ అయితే నాలుగోది ‘చేయలేం’ కావాలి. మూలంలో లభేత, పిబేత్, ఆసాదయేత్, ఆరాధయేత్ అన్నీ లిఙ్ అనే క్రియారూపాలు. ‘శకి లిఙ్ చ’ అని పాణిని సూత్రమే ఉంది. శక్యార్థం, అంటే ‘చేయగలగడం’.

కోటిపల్లి రేవు: ఆ లిఙ్ ‘చేయాలి’ అనే విధికీ వస్తుంది కదా మాస్టారూ! అక్కడి సందిగ్ధాన్ని లక్ష్మణకవి ‘రాదు’లో చెక్కుచెదరకుండా దించారు. అందుకే ఆయన గొప్పవారు. ‘లేము’ అని ఉంటే ఆ కొంటెతనం పోయేది.

పద్యపిపాసి: ‘తివిరి’ని ఎవరూ మెచ్చుకోరే! ‘యత్నతః’ అన్నదానికి అచ్చతెలుగులో మూడు లఘువులు. ఆ మాటలో గానుగ ఆడుతున్న కష్టం వినిపిస్తుంది. కొందరు అక్కడా ‘తిరిగి’ అని చదివి, ఆ మాటతోనే మొదలయ్యే మూడో పాదాన్ని ముందే ఖర్చు చేసేస్తారు.

లాకుల లెక్క (ధవళేశ్వరం, విశ్రాంత ఉద్యోగిని): ఇసుక మాట వచ్చింది కాబట్టి. కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట నిలబెట్టింది ఇసుక నదిలోనే. కావేరి మీద చోళుల కల్లణై ఇసుకలో నిలవడం చూసిన మనిషి ఆయన. ఫీజిబుల్ అంటే నాకు అదే: ఉన్న రాయి, ఉన్న కూలీలు, ఉన్న ధనంతో ‘అయ్యే పని’. ఆ మాట పుట్టుకలో ‘చేయడం’ అనే ఫ్రెంచి ధాతువే ఉంది. వయబుల్‌లో ప్రాణం ఉంది, పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టడం లాంటిది. దాళ్వాకు నీరు అందినా ఎకరా ఖర్చు తిరిగి రాకపోతే అది ఫీజిబుల్ అవుతుంది గానీ వయబుల్ కాదు. రైతులకు ‘గిట్టుబాటు’ అనండి, వివరణ అక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది నీళ్లు లేక కాదు కదా.

కాలువగట్టు: గిట్టుబాటు రాసేసుకున్నాను. ప్రాక్టికబుల్‌కు ‘ఆచరణీయం’ పెట్టవచ్చా?

ద్రాక్షారామం మాస్టారు: వద్దు. ఆచరణీయం అంటే ఆచరించదగినది, ధర్మం వైపు మాట. ‘ఆచరణసాధ్యం’ అనాలి.

లాకుల లెక్క: దాని బదులు ‘అమలు చేయగలది’ అంటే చాలు. వంతులవారీగా నీరు వదలడం కాగితం మీద ఎప్పుడూ సాధ్యమే. రాత్రి తూము దగ్గర కాపలా ఎవరన్నప్పుడే ప్రాక్టికబులా కాదా తేలుతుంది. 1949లో ఇంగ్లండులో ఒక బొగ్గుగని కేసులో ‘సబబుగా ప్రాక్టికబుల్’ అన్నది ‘భౌతికంగా సాధ్యం’ కన్నా ఇరుకైన మాటని తీర్పు చెప్పారు. ప్రమాదాన్ని ఒక తక్కెడలో, ఖర్చూ శ్రమా ఇంకో తక్కెడలో పెట్టి చూడమన్నారు.

కోటిపల్లి రేవు: ‘కూడదు’ కూడా మొదట నిషేధం కాదని నా అనుమానం. కూడడం అంటే పొసగడం, కలిసిరావడం. కూడనిది పొసగనిది. కుదరనిదే క్రమంగా చేయరానిదైంది. ‘రాదు’ నడిచిన దారీ అదే.

పద్యపిపాసి: అనుమానాన్ని సిద్ధాంతం చేయకండి. ఇద్దరి మధ్య ‘అలవి’ని మరిచారు. ‘నా అలవి కాదు’ అంటే సాధ్యమూ ఉంది, కొలతా ఉంది. రియలిస్టిక్ లక్ష్యానికి ‘అలవైన లక్ష్యం’ అనరాదా?

ద్రాక్షారామం మాస్టారు: ఇప్పుడు మీరు వాడిన ‘అనరాదా’ ఏ అర్థంలో?

పద్యపిపాసి: అది మూడోది మాస్టారూ, ‘అనవచ్చు కదా’ అని! భర్తృహరికి ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన చేసిన అనువాదాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ చివరి పాదం పెట్టండి. వాళ్లూ ‘రాదు’ అన్నారో, ‘అలవి’ అన్నారో చూద్దాం.

కాలువగట్టు: రియలిస్టిక్ ఖాళీగానే ఉంచాను. నివేదిక సోమవారం ఇవ్వాలి.