పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి ఆడవాళ్ల పేర్లు మనకెందుకు తెలియవు?

బెళ్ళందూరు బుజ్జి:
బెంగళూరులో అమెరికన్ కంపెనీల్లో చేసేవాళ్లకి తెలిసే ఉంటుంది, ఫిబ్రవరి వస్తే నల్లజాతి చరిత్ర మాసం అని హెచ్ఆర్ వాళ్లు ఏదో ప్రోగ్రాం పెడతారు, సమోసాలుంటాయి కాబట్టి జనం కూడా వస్తారు. ఈసారి నన్నూ అందులో వేశారు. అమెరికా ఆఫీసు నుంచి వచ్చిన స్లైడ్లలో పోలీసుల చేతిలో చనిపోయినవాళ్ల పేజీ చూస్తే మైకేల్ బ్రౌన్, ఎరిక్ గార్నర్, తమీర్ రైస్, జార్జ్ ఫ్లాయిడ్, అందరూ మగవాళ్లే. బ్రియానా టేలర్ కూడా లేదు. అడిగితే మా లీడ్ "ఎక్కువ చనిపోయేది మగవాళ్లే కదా" అన్నాడు. లెక్క నిజమే. కానీ 2013లో నల్లవాళ్ల మీద హింసకి వ్యతిరేకంగా బ్లాక్ లైవ్స్ మేటర్ ఉద్యమం మొదలుపెట్టిన ముగ్గురూ (అలీషియా గార్జా, పాట్రిస్ కల్లర్స్, ఓపల్ టొమెటి) నల్లజాతి ఆడవాళ్లే, వాళ్లూ ఎక్కడా లేరు. ఇది స్లైడ్లు చేసినవాళ్ల బద్ధకమా, అక్కడ కూడా ఇంతేనా?

హెచ్ఎస్ఆర్ రాంబాబు:
వీడియో బ్రో. ఫ్లాయిడ్‌ది ప్రపంచమంతా చూసింది, బ్రియానాని రాత్రిపూట ఇంట్లో కాల్చారు, ఎవరు చూశారు? ఇందులో పెద్ద కుట్రేం లేదు.

జయనగర శారద:
రాంబాబు గారూ, మైకేల్ బ్రౌన్‌ని కాలుస్తున్నప్పటి వీడియో కూడా లేదు, అయినా అతను చనిపోయిన ఊరు ఫెర్గూసన్ పేరు కూడా మనకి తెలుసు. అది 2014 ఆగస్టు 9. అయిదు రోజులకి ఫీనిక్స్‌లో మిషెల్ కుసోని ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చారు. పోలీసులు వచ్చింది ఆమెని మానసిక చికిత్సకి తీసుకెళ్లడానికి! ఇంట్లోవాళ్లు శవపేటికతో ఊళ్లో ఊరేగింపు చేశారు, అయినా ఆ పేరు అక్కడే ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తనీషా ఆండర్సన్, ఆమెదీ ఇంట్లోవాళ్లు సాయం కోసం ఫోన్ చేసిన కేసే. తొమ్మిది రోజుల తర్వాత అదే ఊళ్లో తమీర్ రైస్. పన్నెండేళ్ల పిల్లాడి గురించి ఊరూవాడా మాట్లాడటం న్యాయమే, నేను కాదనట్లేదు, కానీ పోలీసు హింస అంటే రోడ్డు మీద కుర్రాడు, పోలీసు కారు అని అందరి బుర్రలో ఒకటే బొమ్మ పడిపోయింది, గుమ్మంలో చనిపోయిన యాభై ఏళ్ల ఆవిడ అందులో ఎక్కడా పట్టదు. ఆ డిసెంబరులోనే ఇలాంటి ఆడవాళ్ల కోసం "సే హర్ నేమ్" (ఆమె పేరు చెప్పు) అని విడిగా ఉద్యమం మొదలుపెట్టాల్సి వచ్చింది.

ప్లీడరు పద్మ, మల్లేశ్వరం:
కోర్టులో కూడా ఇదే కథ. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ 1964కి ముందు నల్లజాతి ఆడవాళ్లని పనిలోకే తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చినప్పుడు ఆఖర్న చేరినవాళ్లని ముందు తీసేశారు, అంటే వీళ్లనే. కేసు వేస్తే 1976లో కోర్టు జాతి వివక్షంటే జాతి వివక్ష, ఆడామగా తేడా అంటే ఆ తేడా, రెండూ కలిపి కొత్త వర్గం కింద చూడం అంది. ఆడవాళ్లకి ఉద్యోగాలు ఇచ్చారుగా (తెల్లవాళ్లు, ఆఫీసులో), నల్లవాళ్లకీ ఇచ్చారుగా (మగవాళ్లు, ఫ్యాక్టరీలో). ఇక మీ బాధేమిటి అన్నట్టు! 1989లో కింబర్లీ క్రెన్షా అనే లా ప్రొఫెసరు ఈ కేసు పట్టుకునే ఇంటర్‌సెక్షనాలిటీ (ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి పడటం) అన్న మాట తెచ్చింది. మన హెచ్ఆర్ వాళ్లు ఇప్పుడు ప్రతి మీటింగులో వాడేది అదే, కేసు సంగతి మాత్రం ఒక్కరూ చెప్పరు.

చీరాల చిన్నోడు:
కారంచేడులో దళితుల ఊచకోత అంటే మనోళ్లందరికీ తెలుసు, 1985. మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురుతిరిగిన మున్నంగి సువార్త పేరు ఎంతమంది చెప్తారు? ఉద్యమ నాయకుల పేర్లు మాత్రం గడగడా వస్తాయి.

హెచ్ఎస్ఆర్ రాంబాబు:
కులం, జాతి ఒకటి కాదు తమ్ముడూ, దాన్ని తెచ్చి దీనికి అతికించకు. శారద గారు చెప్పిన తేదీలు మాత్రం ఆలోచించాల్సినవే.

బెళ్ళందూరు బుజ్జి:
థాంక్సండీ అందరికీ. కుసో, తనీషా పేర్లు పంపితే స్లైడులో చోటు లేదన్నాడు లీడ్. ఫ్లాయిడ్ ఫోటో ఒక్కటే సగం పేజీ ఉంది, నేనే రెండు పేజీలు చేసేస్తున్నా. ఇంకోటి, 2016లో మన హెసరఘట్ట దగ్గర సుడాన్ కుర్రాడి కారు తగిలి ఒకావిడ చనిపోతే, సంబంధమే లేని టాంజానియా అమ్మాయిని గుంపు పట్టుకుని కొట్టింది కదా, అది కూడా పెట్టమంటారా? హెచ్ఆర్ ఒప్పుకుంటుందో లేదో.

జయనగర శారద:
అడిగితే వద్దనే అంటారు. పెట్టేసి, ప్రోగ్రాం రోజు పొద్దున పంపు.