1941 నాటకానికి ఎర్ర టెలిఫోన్ బూత్ చేస్తున్నాను, ఏ ఎరుపు వేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాటక బృందం కోసం బ్రిటన్‌లోని ఎర్ర టెలిఫోన్ బూత్ నమూనా చేస్తున్నాను. కథ 1941లో జరుగుతుంది. ఎంచుకున్నది కే6 మోడల్. ఐదో జార్జి రాజు రజతోత్సవం సందర్భంగా 1935లో సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించినది. అసలు కొలతలే తీసుకున్నాను: ఎత్తు 8 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 3 అడుగులు. ప్లైవుడ్ ఫ్రేము, ఎండీఎఫ్ పలకలు. అద్దాల వరుసలు ఎనిమిది, మధ్య అద్దం వెడల్పుగా, పక్కవి సన్నగా. చెక్కపని అంతా అయిపోయింది.

ఇప్పుడు రంగు దగ్గర ఆగిపోయాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక కంప్యూటర్ కోడ్ రాసుకుని వెళ్తే షాపులో కలిపి ఇచ్చారు. తలుపుకి వేసి చూస్తే నారింజ వైపు లాగుతోంది, కొత్త ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. ఇంకోపక్క పాత నలుపు-తెలుపు ఫొటోల్లో చూస్తే బూత్ దాదాపు నల్లగా ఉంది. అప్పట్లో అసలు ముదురు మెరూన్ వేసేవారేమో అని అనుమానం. మూడు వారాల్లో ప్రదర్శన. చాలా టెన్షన్‌గా ఉంది. మెరూన్ కొనేయమంటారా?

సెట్ పెయింటర్

తమ్ముడూ, మెరూన్ కొనకు. ముందు ఏ సంవత్సరం ఎరుపు కావాలో తేల్చుకుందాం. నువ్వు ఇంటర్నెట్‌లో చూసింది ఈ మధ్య తీసిన ఫొటోల్లోని ఎరుపు అయి ఉంటుంది. దాని పేరు కరంట్ రెడ్, బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 381సీలో 539వ నంబరు. (ఇక్కడ కరంట్ అంటే విద్యుత్తు కాదు, ఒక చిన్న ఎర్ర పండు.) ఆ రంగు 1968లో కే8 మోడల్‌తో వచ్చింది. తర్వాత పాత బూత్‌లకు మళ్లీ రంగు వేసినప్పుడల్లా అదే వేసుకుంటూ పోయారు. అందుకే 1936లో పెట్టిన బూత్ కూడా ఇప్పుడు ఆ రంగులోనే కనిపిస్తుంది.

1941కి కావాల్సింది అంతకు ముందు వాడినది, అదే ప్రమాణంలో 538. 539 కంటే కొంచెం ప్రకాశవంతం. రెండు చీటీలు విడివిడిగా చూస్తే ఒకటే అనిపిస్తాయి. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మెరూన్ అయితే ఈ రెండింటికీ చాలా దూరం.

పాత ఫొటోలు సేకరించేవారు

నల్లగా ఉన్న ఫొటో సంగతి నేను చెప్తాను. అది రంగు తప్పు కాదండీ, ఫిల్మ్ గుణం. ఆర్థోక్రోమాటిక్ అనే రకం ఫిల్మ్‌కి ఎరుపు వెలుతురు అందదు. నీలం, ఆకుపచ్చ మాత్రమే అందుతాయి. దానితో తీస్తే ఎర్ర బూత్, ఎర్ర పెదవులు, ఎర్ర బస్సు అన్నీ నల్లగానే పడతాయి. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగించుకుని ఆ ఫిల్మ్ కడగగలిగేవారంటే కారణం ఇదే. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ అప్పటికే వాడకంలో ఉన్నా, మామూలు జనం పాత రకాన్నీ చాలాకాలం వాడారు. ఒకే బూత్ ఒక ఫొటోలో బొగ్గులా, ఇంకోదాంట్లో మధ్యరకం బూడిదగా ఉండొచ్చు. నలుపు-తెలుపు ఫొటో నుంచి ఆకారం, అక్షరాల సైజు, మురికి ఎక్కడ పట్టిందో తీసుకోండి. ఎరుపు ఎంత ముదురో మాత్రం దాన్ని అడగొద్దు.

రంగుల పోస్టుకార్డులనూ నమ్మొద్దు. వాటిలో చాలా వరకు నలుపు-తెలుపు ఫొటో మీద చేత్తో రంగు అద్దినవే. అద్దిన మనిషి ఆ బూత్‌ని చూశాడో లేదో మనకి తెలియదు.

అడిగినవారు

ధన్యవాదాలండీ, పెద్ద తప్పు చేయకుండా ఆపారు. ఇంకో విషయం. మా సీనియర్ ఒకరి దగ్గర నిజమైన పాత బూత్ నుంచి ఊడిన రంగు పెచ్చు ఉంది, బొటనవేలి గోరంత. పైన లేత గులాబీగా ఉంది, వెనక్కి తిప్పితే నారింజ. ఈ నారింజే మొదటి రంగా? షాపులో ఇచ్చి దాన్నే మ్యాచ్ చేయించమంటారా?

వాహనాల పెయింటర్

ఆ నారింజ జోలికి వెళ్లొద్దు. ఇనుము మీద తుప్పు పట్టకుండా ముందుగా రెడ్ లెడ్ అనే సీసపు ప్రైమర్ కొట్టేవారు, దాని రంగే నారింజ. బూత్ పోత ఇనుముది కాబట్టి వెనకవైపు మీకు కనిపిస్తున్నది చాలావరకు అదే అయి ఉంటుంది. దాన్నే అసలు రంగు అనుకుని మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

పైనున్న గులాబీ కూడా అసలు రంగు కాదు. ఎండకీ వానకీ పైపొరలోని జిగురు అరిగిపోయి రంగు పొడి తేలుతుంది, దాంతో తెల్లబారుతుంది. వేలు తడిచేసి ఆ పెచ్చు మీద ఒకసారి రుద్ది చూడండి, ఒక్క క్షణం లోపలి ముదురు ఎరుపు తిరిగి వస్తుంది. తడి ఆరగానే మళ్లీ గులాబీ. ఆ తడిగా ఉన్నప్పటి రంగే అసలు దానికి దగ్గర.

పొరలు చూడాలంటే పెచ్చుని చెక్క మీద అంటించి, సన్న వాటర్ పేపర్‌తో ఒక మూల ఏటవాలుగా అరగదీయాలి. చెట్టు మొద్దులో వలయాల్లా పొరలన్నీ వరసగా బయటపడతాయి. భూతద్దంతో అడుగు నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. ప్రైమర్, అండర్‌కోట్ పోగా వచ్చే మొదటి మెరిసే పొర పాత ఎరుపు. ఒక జాగ్రత్త: పాత పెయింట్‌లో సీసం ఉంటుంది. నీళ్లు పోసి తడిగానే రుద్దాలి, పొడిగా అసలు రుద్దొద్దు. ఆ బురదని టిష్యూతో తుడిచి మూట కట్టి పారేయండి. పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోవద్దు. ఇంకోటి, ఏళ్ల తరబడి వెలుతురు తగలని పొరలో అవిసె నూనె పసుపెక్కి ఉంటుంది. అరగదీశాక కొన్నాళ్లు కిటికీ దగ్గర పెడితే ఆ పసుపు తగ్గుతుంది. అప్పుడు పోల్చండి.

ఇంత శ్రమ అవసరమా అంటే, మీ పనికి అవసరం లేదు. షాపులో నంబరు చెప్పి చేయించండి, పెచ్చు సరిచూసుకోవడానికి ఉంచుకోండి. కంప్యూటర్ కోడ్ మాత్రం మళ్లీ ఇవ్వొద్దు. అది తెరకి చెప్పే మాట, డబ్బాకి కాదు. పైగా ఫోన్ కెమెరా గాఢమైన ఎరుపుని చూస్తే ఎరుపుని నమోదు చేసే ఛానల్ నిండిపోయి అంతా ఒకే చదునైన మంటలా పడుతుంది. అలాంటి ఫొటోలో క్లిక్ చేసి తీసిన కోడ్ ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే నంబరు డబ్బా అయినా మీరు వేసే తీరుని బట్టి రంగు మారిపోతుంది. ఎరుపులో చాలా పిగ్మెంట్లు కింది రంగుని పూర్తిగా కప్పవు. తెల్ల ప్రైమర్ మీద వేస్తే మెరుపుగా, నారింజగా కనిపిస్తుంది. మీ తలుపు సగం అందుకే అలా వచ్చి ఉంటుంది. మధ్యరకం బూడిద ప్రైమర్ మీద రెండు మూడు పలుచని కోట్లు వేయండి, లోతు వస్తుంది. ఎండీఎఫ్ అంచులు రంగుని పీల్చేస్తాయి, వాటికి ముందే సీలర్ పట్టించండి.

తర్వాత మెరుపు. గ్లాసీ (బాగా మెరిసే) ఫినిష్‌లో ఎరుపు ముదురుగా, నిండుగా ఉంటుంది. అదే రంగు మ్యాట్‌లో (మెరుపు లేకుండా) వేస్తే పైనుంచి తెల్లని వెలుగు చెదిరి కంటికి చేరుతుంది, లేతగా అనిపిస్తుంది. మ్యాట్ డబ్బా కొని, నంబరు తప్పని షాపువాడితో గొడవపడేవాళ్లని చూశాను. పాత బూత్‌లకు గ్లాసీ ఫినిషే.

సెట్ పెయింటర్

గ్లాసీ మాట నిజమే, కానీ స్టేజి మీద పూర్తి గ్లాసీ వేస్తే లైట్లు అద్దంలోలా కొడతాయి, ముందు వరుసలో కూర్చున్నవాళ్లకి బూత్ బదులు తెల్ల మచ్చలు కనిపిస్తాయి. సాటిన్ (సగం మెరుపు ఉండే రకం) వేయి. సాటిన్ వల్ల కాస్త లేతబడుతుంది కాబట్టి, అదే పెయింట్‌లో ముదురు ఎరుపు కొద్దిగా కలుపు. నలుపు కలపకు, మట్టి రంగు వస్తుంది. చేత్తో అంచనా వేయకుండా తూకం పెట్టు: 100 గ్రాములకి 2 గ్రాములు, తర్వాత 4, తర్వాత 6. ప్రతి పలక వెనక ఆ లెక్క రాయి. రాయకపోతే నచ్చిన రంగుని నువ్వే మళ్లీ కలపలేవు.

పలక కాగితమంత పెద్దదిగా ఉండాలి. గోరంత చీటీలో నిదానంగా కనిపించిన ఎరుపు, ఎనిమిది అడుగుల బూత్ మీదికి వచ్చేసరికి అరుస్తుంది. రెండు కోట్లు వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు చూడు. తడిమీద తీర్పు చెప్పకు.

ఇక లైట్లు. మీ హాల్లో పాత హాలోజన్ లైట్లా, ఎల్ఈడీలా? ఇది తప్పక కనుక్కో. చవక రకం తెల్ల ఎల్ఈడీలో గాఢమైన ఎరుపు భాగం తక్కువ. దాన్ని కొలిచే లెక్క ఆర్9. పెట్టె మీద 80 సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సగటు) అని రాసి ఉన్నా ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు, ఎందుకంటే ఆ సగటులో గాఢమైన ఎరుపుని లెక్కలోకి తీసుకోరు. ఆ వెలుతురులో ఎంత మంచి ఎరుపైనా గోధుమగా చచ్చిపోతుంది. హాలోజన్ కింద అదే పలక వెచ్చగా లేస్తుంది. రాత్రి సీను ఉండి నీలం లైటు వేస్తే బూత్ నల్లబడుతుంది, అది ఏ రంగు వేసినా తప్పదు. పక్క నుంచి ఒక వెచ్చని లైటు బూత్ మీదికి తిప్పమని లైటింగ్ వాళ్లని ఇప్పుడే అడుగు.

అడిగినవారు (ఐదు రోజుల తర్వాత)

మీరు చెప్పినట్టే చేశాను. మా హాల్లో ముందు ఎల్ఈడీలు, పక్కల హాలోజన్లు. నాలుగు పలకలు: 538 నేరుగా, తర్వాత 2, 4, 6 గ్రాములు కలిపినవి. అన్నీ బూడిద ప్రైమర్ మీద సాటిన్. పగలు బయట చూస్తే కలపనిదే అందరికీ నచ్చింది. స్టేజి మీద నిలబెట్టి పదో వరుస నుంచి చూస్తే అదే లేతగా, కొత్తగా ఉంది. 6 గ్రాములది గోధుమలోకి వెళ్లిపోయింది. 4 గ్రాములది పెట్టగానే మా దర్శకురాలు ఏమీ అనకుండా వెళ్లి దాని పక్కన నిలబడి ఫోన్ ఎత్తినట్టు చేసి చూపించారు. అదే ఖాయం చేశాం. తడిచేసిన పెచ్చుతో పోల్చినా చాలా దగ్గరగా ఉంది.

చివరి సందేహం. పైన కిరీటానికి బంగారు రంగు కొనిపెట్టాను. మెరిసేది వేయాలా, పాతబడినట్టు ఉండేదా?

పాత ఫొటోలు సేకరించేవారు

రెండూ వద్దండీ. కిరీటాలకు బంగారు రంగు వేయడం 1990ల మొదట్లో, ఈ బూత్‌లు వారసత్వ సంపద అన్న గుర్తింపు వచ్చాక మొదలైంది. 1941కి కిరీటం కూడా బూత్ ఎరుపే, పోతలో ఉబ్బెత్తుగా కనిపిస్తే చాలు. మీరు కిరీటాన్ని ఏ ఫొటో చూసి కోశారు? 1953కి ముందు ట్యూడర్ కిరీటం, దాని కమానులు గుండ్రంగా పైకి లేస్తాయి. రెండో ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటానికి కమానులు మధ్యలో కిందికి వంగి ఉంటాయి. కోసినదాన్ని ఒకసారి సరిచూసుకోండి.

అడిగినవారు

ఇప్పుడే చూశాను, నాది మధ్యలో వంగినదే. నాలుగు వైపులవీ ఊడదీసి ట్యూడర్ ఆకారంలో మళ్లీ కోస్తున్నాను. బంగారు డబ్బా మూత కూడా తీయలేదు, వెనక్కి ఇచ్చేస్తాను. రేపు పొద్దున రెండో కోటు.