టేకు అంచుకి రౌటర్ రివర్స్‌లో కొట్టొచ్చా, అస్సలు కూడదా?

కృష్ణలంక_చెక్క
విజయవాడలో కిటికీ రెక్కల పని. టేకు ఫ్రేములు, 32 మి.మీ. మందం, పట్టీలు 75 మి.మీ. వెడల్పు. కూర్పు అయిపోయింది, జిగురు ఆరింది. ఇక బయటి అంచుకీ, అద్దం కూర్చునే లోపలి అంచుకీ 6 మి.మీ. రౌండ్ కొట్టాలి. చేతిలో ఉన్నది ట్రిమ్మర్ (తిరిగే బిట్‌తో చెక్క అంచు మలిచే చిన్న చేతి రౌటర్), 6 మి.మీ. కాలెట్ (బిట్ కాడని పట్టే బిగింపు), స్పీడు తగ్గించే నాబ్ లేని 30,000 ఆర్‌పీఎం రకం. బిట్ కింద అంచుకి ఆని దొర్లే బేరింగ్ ఉంది. ముడుల పక్కన నార అడ్డం తిరిగిన చోట పెచ్చులు లేస్తున్నాయి, మూలల దగ్గర పెద్దవే ఊడుతున్నాయి. ఒక మేస్త్రి "అక్కడ రివర్స్‌లో కొట్టు, నున్నగా వస్తుంది" అంటున్నారు. ఇంకొకరు "చేతిలో పట్టుకునే మిషన్‌తో ఆ పని చెయ్యకు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఉలి_సుత్తి_గుంటూరు
రెండో మేస్త్రి మాట వినండి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లులా తిరుగుతుంది. చెక్క మీ ఎదురుగా పెట్టుకుని మీ వైపు అంచు మీద రౌటర్ ఉంచితే ఎడమ నుంచి కుడికి నడపాలి. చుట్టూ తిరిగేటప్పుడు బయటి అంచుకి అపసవ్యంగా, లోపలి అంచుకి సవ్యంగా. ఇలా నడిపితే బిట్ మీ తోపుకి ఎదురు నిలుస్తుంది, పైగా రౌటర్‌ని అంచు మీదకి లాక్కుంటుంది, బేరింగ్ కరుచుకుని పోతుంది. అదుపు మీ చేతిలో ఉంటుంది.

రివర్స్‌లో, అంటే దీనికి ఎదురు దిశలో నడిపితే, ఈ రెండూ తిరగబడతాయి. బిట్ పన్ను చెక్కని పట్టుకుని రౌటర్‌నే ముందుకి ఈడ్చుకుపోతుంది. అప్పుడు మీరు తోయడం లేదు, ఆపుతున్నారు. ఆపే చెయ్యి ఒక్క క్షణం సడలితే మిషన్ అంచు వెంట పరుగు తీస్తుంది. దానికి తోడు బిట్ రౌటర్‌ని అంచు నుంచి బయటికి నెడుతుంది కాబట్టి బేరింగ్ ఆనదు, రౌండ్ వంకర్లు పోతుంది. ప్రమాదం కొని తెచ్చుకుని, వచ్చే ఫలితం కూడా వంకరేనన్నమాట.

టేకుచేవ
అన్నా, భౌతికం అంతా నిజమే. కానీ సగమే చెప్పారు. పెచ్చు ఎందుకు లేస్తుందో కూడా చెప్పాలిగా. మామూలు దిశలో పన్ను పొట్టుని పలచగా మొదలుపెట్టి మందంగా ముగిస్తుంది. బయటికి వచ్చేటప్పుడు నారని పైకి ఎత్తుతూ వస్తుంది. నార అంచులోకి దిగుతున్న చోట అలా ఎత్తితే కోత కంటే ముందే చీలిక పరుగెత్తుతుంది. రివర్స్‌లో పన్ను మందంగా మొదలై పలచగా ముగుస్తుంది, నారని చెక్కలోకే అదిమి కోస్తుంది. చీలడానికి తావుండదు.

అందుకే నేననేది: మొత్తం కోత రివర్స్‌లో వద్దు. మామూలు దిశలో రెండు పాస్‌లు కొట్టి, చివర అర మి.మీ. మిగిల్చి, ఆ అర మాత్రమే రివర్స్‌లో తీస్తే ఈడ్చే బలం ఉండదు. ఎంత కలప కొరికితే అంతే లాగుతుంది.

ఉలి_సుత్తి_గుంటూరు
"అర మి.మీ. మాత్రమే" అనేది కాగితం మీద మాట. బేరింగ్ ఆనదని ఇప్పుడే అనుకున్నాం. రౌటర్ కొంచెం వాలితే అర మి.మీ. కాస్తా రెండవుతుంది. ట్రిమ్మర్ అడుగు పళ్లెం చూడండి, అరచేయంత ఉంటుంది, అందులో సగానికి పైగా అంచు అవతల గాలిలో ఉంటుంది. వాలడం అరుదేమీ కాదు.

అయినా రివర్స్ దాకా పోకముందు చెయ్యాల్సినవి బోలెడు. మూలల్లో పెచ్చు ఊడటానికి కారణం వరస తప్పడం. కూర్చిన ఫ్రేములో నిలువు పట్టీల కొనలు పైనా కిందా బయటికి కనిపిస్తాయి, అక్కడ నార అడ్డంగా తెగుతుంది. ముందు పై అంచు, కింద అంచు కొట్టండి. కోత మూల దాటేచోట పెచ్చు లేస్తే లేవనివ్వండి. తర్వాత నిలువు అంచులు కొడితే ఆ దెబ్బ తిన్న భాగం కోతలోనే పోతుంది. నిలువు వైపు పెచ్చు 6 మి.మీ. రౌండ్‌కి మించి పోయేలా ఉంటే, మూల అవతల అదే మందం టేకు ముక్క ఒకటి అంచుతో సమానంగా క్లాంపు వేసి బిగించండి. నారకి వెనక ఆసరా ఉంటే ఊడదు, ఊడితే ఆ ముక్కది ఊడుతుంది.

ఆటోనగర్_బిట్స్
దిశ గురించి కొట్టుకునే ముందు బిట్ సంగతి చూడండి బాబూ. టేకులో సిలికా ఉంటుంది, ఇసుక లాంటిదే. హైస్పీడ్ స్టీల్ బిట్ పదును దానికి చాలా త్వరగా పోతుంది. కార్బైడ్ పన్ను అతికిన బిట్టే వాడాలి. పదును పోయిన బిట్ కోయదు, చింపుతుంది. అప్పుడు ఏ దిశలో నడిపినా పెచ్చే.

టేకు నూనె, జిగురు పన్ను మీద నల్లగా గట్టిపడుతుంది. అది చూసి చాలామంది పదును పోయిందనుకుని బిట్ పారేస్తారు. కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. బేరింగ్ మాత్రం ముందే విప్పి పక్కన పెట్టాలి, కిరోసిన్ తగిలితే లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. బేరింగ్ వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి. పట్టేసిన బేరింగ్ బిట్‌తో పాటే తిరిగి అంచుని మాడ్చేస్తుంది.

కాలెట్ దగ్గర మన బజార్లో ఇంకో తంటా. 6 మి.మీ. షాంకూ (బిట్ కాడ) దొరుకుతుంది, పావు అంగుళం షాంకూ దొరుకుతుంది, అది 6.35. కంటికి ఒకలాగే ఉంటాయి. 6.35 కాలెట్‌లో 6 షాంకు వేస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, లోడు పడగానే జారుతుంది. బిట్ కిందికి దిగి కోత లోతు పెరిగిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఊడొస్తుంది. పెద్ద మిషన్లలో 12, 12.7 తో ఇదే కథ. షాంకుని అడుగు తగిలేదాకా దించి, 2 మి.మీ. పైకి లాగి, అప్పుడు పానాతో బిగించాలి. బిగించేటప్పుడు కాలెట్ షాంకుని కొద్దిగా కిందికి లాగుతుంది, అడుగు తగిలి ఉంటే దిగే చోటు లేక పట్టు సరిగా దొరకదు. బిట్ లేకుండా నట్ ఎప్పుడూ బిగించొద్దు, కాలెట్ నొక్కుకుపోతుంది. ఈ పనులన్నీ ప్లగ్ పీకాకే.

టేకుచేవ
స్పీడు కూడా చెప్పండి గురువు గారూ, అడిగినాయన దగ్గర నాబ్ లేదు.

ఆటోనగర్_బిట్స్
6 మి.మీ. రౌండ్ బిట్ అంటే 9.5 బేరింగ్‌కి రెండు వైపులా ఆరేసి కలిపి వ్యాసం 21.5. దాన్ని 30,000 మీద తిప్పితే పన్ను కొన సెకనుకి 34 మీటర్ల దాకా పోతుంది. ట్రిమ్మర్‌కి ఇది ఫర్వాలేదు. బిట్ మీద ఎంత స్పీడు దాకా అని రాసి ఉంటే ముందు అది చూసుకోండి. 50 మి.మీ. బిట్‌ని 24,000 మీద తిప్పితే సెకనుకి 63 మీటర్లు. అంత బిట్‌కి స్పీడు 16,000–18,000 కి దించాలి, చేతి మిషన్‌లో అసలు వాడకూడదు, రౌటర్ టేబుల్ మీదే. ప్యానెల్ డిజైన్ బిట్లు తెచ్చి చేతి రౌటర్‌లో బిగించేవాళ్లకి ఈ మాట.

మంగళగిరి_కొత్త
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. చేతులకి గ్లోవ్స్ వేసుకుంటే పట్టు బాగుంటుంది, దెబ్బలూ తగలవు కదా? ఎందుకు వద్దంటారు?

ఉలి_సుత్తి_గుంటూరు
తమ్ముడూ, బట్ట గ్లోవ్ కొన బిట్‌కి తగిలితే దారం చుట్టుకుని వేలుని లోపలికి లాగుతుంది. గ్లోవ్ లేకపోతే వేలు తెగొచ్చు, గ్లోవ్ ఉంటే చెయ్యే పోతుంది. బిట్ మార్చేటప్పుడు పన్ను గీసుకోకుండా వేసుకో, స్విచ్ వేసే ముందు తీసెయ్. అదే లెక్కలో మెడలో తువ్వాలు, మణికట్టుకి గుడి దారం, బొత్తాలు పెట్టని పొడుగు చేతులు కూడా. ఎండల్లో తువ్వాలు లేకుండా పని ఎలా అంటే, తలకి చుట్టుకుని కొన లోపలికి దోపుకోవాలి.

కళ్లద్దాలు పక్కల కూడా మూసినవి కావాలి, మామూలు చత్వారం అద్దాలు చాలవు. చెవులకి ప్లగ్గులు. ముక్కుకి ఎన్95. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 1995 లోనే మొదటి వర్గంలో పెట్టింది. సీలింగ్ ఫ్యాన్ ఆ దుమ్ముని గదంతా తిప్పుతుంది తప్ప బయటికి పంపదు.

పటమట_వైరింగ్
ఒక మాట నాదీ. కరెంటు పోయినప్పుడు ట్రిమ్మర్ స్విచ్ ఆన్‌లోనే వదిలేసి బల్ల మీద పడుకోబెట్టి టీకి పోతారు. కరెంటు రాగానే అది తనంతట తనే మొదలవుతుంది, బల్ల మీద నుంచి దూకుతుంది. కొన్ని మోడళ్లలో కరెంటు వచ్చినా మళ్లీ స్విచ్ వేస్తేనే తిరిగే ఏర్పాటు ఉంది. చవక ట్రిమ్మర్లలో సాధారణంగా ఉండదు. కరెంటు పోతే ముందు స్విచ్, తర్వాత ప్లగ్. లైనుకి 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మి.మీ. కంటే సన్నది వద్దు, చుట్ట విప్పకుండా వాడొద్దు.

టేకుచేవ
అసలు విషయానికొద్దాం. వరస, ఆసరా ముక్క, కొత్త బిట్, అన్నీ ఒప్పుకుంటా. మూలల సమస్య వాటితో పోతుంది. కానీ పట్టీ మధ్యలో ముడి పక్కన నార తిరగబడితే? అక్కడ ఆసరా ముక్క ఎక్కడ పెడతారు? రివర్స్ పాస్‌కి నేను పెట్టే షరతులు ఇవి.

ట్రిమ్మర్ అయితేనే. 12 మి.మీ. కాలెట్ ప్లంజ్ రౌటర్ ఐదారు కిలోలుంటుంది, దాని బలం ముందు చెయ్యి ఆగదు. బిట్ వ్యాసం 25 మి.మీ. లోపే. ముందు మామూలు దిశలో మొత్తం అంచు కొట్టెయ్యాలి. లోతు మొదట 3, తర్వాత 5.5. అప్పటికి మిగిలేది అర. ముడి దగ్గర 40–50 మి.మీ. దూరం మాత్రమే రివర్స్‌లో చిన్న చిన్న కొరుకులుగా తియ్యాలి. రెండు చేతులు, మోచేతులు ఒంటికి ఆనించి. గాలిలో ఉండే సగానికి కింద అంచు మందమే ఉన్న ఇంకో చెక్క జత చేసి పళ్లెం వాలకుండా చూడాలి. అడిగారుగా అన్నా, వాలుతుందని, దానికిదే జవాబు. చివరగా మామూలు దిశలో ఒక్కసారి ఖాళీగా పోనిస్తే బేరింగ్ ఆని వంకర సరిపోతుంది.

ఫ్రేము బల్లకి కనీసం రెండు క్లాంపులతో బిగించి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఉలి_సుత్తి_గుంటూరు
ఆ జత చెక్క సలహా మంచిది, రివర్స్ కొట్టినా కొట్టకపోయినా వాడాల్సిందే. మిగతాదానికి ఇంకా అడ్డే. అర మి.మీ. తియ్యడానికి రౌటరే ఎందుకు? ముడి దగ్గర 50 మి.మీ. వదిలేసి, పదునైన ఉలితో నార వాలు ఎటుంటే అటు చెక్కి, 120, ఆ తర్వాత 180 శాండ్ పేపర్ ఒక చెక్క ముక్కకి చుట్టి రుద్దితే రౌండ్ కలిసిపోతుంది. ఒక్కో ముడికి ఐదు నిమిషాలు.

టేకుచేవ
ఒక రెక్క అయితే ఉలే. ఇరవై రెక్కలైతే లెక్క మారుతుంది. పైగా ఉలితో కొట్టిన రౌండూ, బిట్ రౌండూ పాలిష్ పడ్డాక వెలుతురులో తేడాగా కనిపిస్తాయి.

ఉలి_సుత్తి_గుంటూరు
ఇరవై రెక్కలంటే అలిసిన చేతులు కూడా. రివర్స్ పాస్ చెయ్యకూడని సమయం అదే.

ఒక చోట మాత్రం మీకూ నాకూ తేడా లేదనుకుంటా: సన్న బీడింగ్. 20 మి.మీ. వెడల్పు పట్టీ మీద రివర్స్ కొడితే పట్టీనే పీక్కుని విసిరేస్తుంది. వెడల్పు పలక అంచుకి రౌండ్ కొట్టి, తర్వాత రంపంతో ఆ పట్టీ కోసుకోవాలి.

టేకుచేవ
ఆ మాటకి నా ఓటు కూడా.

మాడ్యులర్_కిచెన్_బెజవాడ
మైకా పనిలో రివర్స్ రోజూ నడుస్తుంది, దాని మీద ఇంత గొడవ చూడలేదు. 1 మి.మీ. మైకా అంచు ప్లైవుడ్ కంటే 3 మి.మీ. బయటికి వదిలి ట్రిమ్మర్‌తో కొడతాం. మామూలు దిశలో అంచు చిట్లుతుంది, రివర్స్‌లో చిట్లదు. తెగేది పలుచని పొర కాబట్టి లాగదు. ఘన టేకుకి ఇదే లెక్క వేసుకుని కొడితే మాత్రం మోసపోతారు.

కృష్ణలంక_చెక్క
అందరికీ ధన్యవాదాలు. మూలలకి వరస, ఆసరా ముక్క. ముడుల దగ్గర ముందు కొత్త బిట్‌తో మామూలుగానే కొట్టి చూస్తా, అప్పటికీ లేస్తే ఉలి. రివర్స్ ఈ పనికి వద్దనుకుంటున్నా, టేకుచేవ గారు ఏమీ అనుకోకండి. ఇంకో రెండు సందేహాలు. లోపలి అంచు మూలల్లో బిట్ దూరదు కదా, ఏం చెయ్యాలి? తర్వాత అద్దం కోసం గాడి తియ్యాలి, అక్కడ సైడ్ గైడ్ ఏ వైపు ఉండాలి?

టేకుచేవ
అనుకోవడానికేముందండీ, చెయ్యి మీది. లోపలి మూలలో బేరింగ్ అర వ్యాసమంత, అంటే 5 మి.మీ. కి కాస్త తక్కువ, వంపు మిగులుతుంది. మూల పదునుగా కావాలంటే ఉలితో 45 డిగ్రీల గీత కలపాలి. చాలామంది వంపే ఉంచేస్తారు, చూడటానికి తప్పుగా ఉండదు. మూల దగ్గర ఆగి నిలబడకండి, బిట్ అక్కడే తిరిగితే నల్లగా మాడుతుంది.

ఉలి_సుత్తి_గుంటూరు
గాడికి: మీ నుంచి అవతలికి తోస్తుంటే రౌటర్ ఎడమకి జారాలని చూస్తుంది. రౌటర్‌కి బిగించిన సైడ్ గైడ్ అయితే చెక్క కుడి అంచుకి ఆనాలి, అప్పుడు ఆ జారుడే గైడ్‌ని అంచుకి బిగదీస్తుంది. విడిగా బద్ద క్లాంపు వేసి దాని వెంట నడిపితే మాత్రం బద్ద రౌటర్‌కి ఎడమన ఉండాలి. 6 మి.మీ. స్ట్రెయిట్ బిట్ అయితే ఒక్కో పాస్‌కి 3 మి.మీ. లోతు దాటొద్దు. గాడి 10 లోతు కావాలంటే నాలుగు పాస్‌లు. పాస్‌కి పాస్‌కి మధ్య పొట్టు ఊడ్చెయ్యండి, గాడిలో పేరుకుంటే బిట్ వేడెక్కుతుంది.