సబ్‌సెంటర్‌లో మొదటి డెక్సా డోసు: వేసి పంపాలా, ఆగాలా?

ఊయల: నెలలు నిండకుండా నొప్పులొస్తే, 108 ఎక్కించేముందే ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సు) డెక్సామెథసోన్, అంటే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేలా తల్లికిచ్చే స్టెరాయిడ్ సూది, మొదటి డోసు వేయొచ్చని 2014 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. 24 నుంచి 34 వారాల మధ్య, 6 మి.గ్రా. కండకి, 12 గంటలకొకటి, మొత్తం 4. పెద్దాసుపత్రికి చేరాక చూద్దామంటే బిడ్డ ఊపిరితిత్తులకు దక్కాల్సిన గంటలు దారిలోనే పోతాయి. వేసే పంపాలి.

నియో_వార్డు: ఈ సూదిని పల్లెల్లోనూ వేయించి చూసిన 2015 యాక్ట్ ట్రయల్ మరిచారా? ఆరు దేశాల్లో, మన బెళగావి, నాగ్‌పూర్ సహా, ఇదే చేశారు. మామూలు వైద్యం ఉన్నచోట పసికందుల మరణాలు వెయ్యికి 23.9, ఈ సూది తెచ్చినచోట 27.4. తల్లులకు ఇన్ఫెక్షన్లూ పెరిగాయి.

మందుల_అల్మరా: ఇలాంటిదే ఇంకో స్టెరాయిడ్, బీటామెథసోన్ అయితే 12 మి.గ్రా. రెండు డోసులతో అయిపోతుంది కదా, నాలుగు సూదులెందుకు?

ఊయల: ఫాస్ఫేట్, అసిటేట్ రెండు రూపాలూ కలిసిన బీటాకే ఆ లెక్క, 24 గంటల తేడాతో రెండు డోసులు. ఉత్త ఫాస్ఫేట్ అయితే దాని పని త్వరగా తగ్గిపోతుంది. డెక్సా అయితే 2 మి.లీ. వయల్‌లో 8 మి.గ్రా. ఉంటుంది, తీయాల్సింది 1.5 మి.లీ. వయల్ మొత్తం ఎక్కించేయొద్దు.

నియో గారూ, యాక్ట్‌లో సూది పడినవాళ్ళలో చాలామందికి పుట్టినవాళ్ళు, బరువును బట్టి చూస్తే, నెలలు తక్కువ పిల్లలే కారు. 2020 యాక్షన్ ట్రయల్ చూడండి. అందులోనూ మన దేశం ఉంది. 26-34 వారాల్లో మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి దిగాయి.

నియో_వార్డు: అది ఆసుపత్రుల్లో! స్కాన్‌తో వారాలు తేల్చుకుని, తల్లికి ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని, పుట్టిన బిడ్డకి వెచ్చదనం, ఆక్సిజన్ ఉన్నచోట. సబ్‌సెంటర్‌లో అవేవి?

పల్లె_ఏఎన్ఎం: అంటే మాకు చేతకాదనేగా. టార్గెట్లకి మేం కావాలి, రిజిస్టర్లకి మేం కావాలి, సూది దగ్గరకొస్తే నమ్మకం ఉండదు. జ్వరం ఉందో లేదో, ఉమ్మనీరు వాసనొస్తోందో లేదో మాకు తెలీదా?

నియో_వార్డు: అమ్మా, అనుమానం మీ చేతి మీద కాదు, వారాల లెక్క మీద. "శ్రీరామనవమికి ముందు ఆగింది" అంటే ఎన్ని వారాలని లెక్కేస్తారు? 34 దాటాక వేసిన 2016 అమెరికా ట్రయల్‌లో, చక్కెర పడిపోయిన పిల్లలు సూది లేనివాళ్ళలో 15 శాతం, పడినవాళ్ళలో 24. నొప్పులాగి ఇంటికెళ్ళి అక్కడే కంటే ఆ బిడ్డకి గ్లూకోజ్ ఎవరు చూస్తారు?

పల్లె_ఏఎన్ఎం: ఈ మాట ముందే అనుంటే ఇంత గొడవుండేది కాదు. ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మొదటి మూడు నెలల స్కాన్ ఉంటే వేస్తాం. లేకపోతే మెడికల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి అడుగుతాం.

ఊయల: స్కాన్ లేనివాళ్ళకే కదా ఎక్కువ ప్రమాదం, వాళ్ళని వదిలేస్తే ఎలా? నేనొప్పుకోను. ఏదైనా, రెఫరల్ చీటీ మీద డోసు వేసిన గంట రాయండి. అది లేకపోతే అక్కడ మళ్ళీ ఒకటో డోసు నుంచి మొదలెడతారు.