హేబర్ చార్టు మీద క్లోరిన్ సంగతి రాయాలా, వద్దా?

బెంజిసర్కిల్ మాస్టారు
విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ల్యాబ్ గోడ మీద శాస్త్రవేత్తల చార్టులు పెడుతున్నాం. రామన్, మేరీ క్యూరీ, మన యల్లాప్రగడ సుబ్బారావు గార్ల వరకు ఎవరికీ పేచీ లేదు. ఫ్రిట్జ్ హేబర్ దగ్గరే స్టాఫ్ రూమ్ రెండుగా చీలింది. నైట్రోజన్, హైడ్రోజన్‌లను కలిపి అమ్మోనియా తయారుచేసినందుకు 1918 కెమిస్ట్రీ నోబెల్ ఆయనకే ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర శత్రు సైనికుల మీదికి విషవాయువు క్లోరిన్ వదిలించిందీ ఆయనే. రెండోది కూడా చార్టులో ఉండాలని నేనంటున్నాను. పదహారేళ్ల పిల్లలకు అదెందుకని మిగతావాళ్లు. మీరేమంటారు?

ప్రత్తిపాడు మిర్చి
వద్దు సార్. మా నాన్న మిరప వేస్తారు. అదును దాటిపోతున్నా యూరియా కట్ట దొరక్కపోతే ఇంట్లో ఎంత టెన్షనో చూస్తూ పెరిగాను. ఆ యూరియా తయారయ్యేది అమ్మోనియా నుంచే. ప్రపంచంలో దాదాపు సగం మంది తిండికి ఈ ఎరువులే ఆధారమని అంచనాలున్నాయి. యుద్ధం వచ్చింది, తన దేశం కోసం పనిచేశాడు. అవతల ఫ్రాన్స్ తరఫున కెమిస్ట్ గ్రిగ్నార్డ్ ఫాస్జీన్ అనే విషవాయువు మీద పనిచేయలేదా? క్లాసులో ఆయన పేరుతో ఉన్న గ్రిగ్నార్డ్ కారకం చెప్పేటప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తుతారా? హేబర్ ఒక్కడినే బోనులో నిలబెట్టడం అన్యాయం.

బెంజిసర్కిల్ మాస్టారు
గ్రిగ్నార్డ్ చార్టు పెడితే అందులో అదీ రాయాల్సిందే. కానీ 'దేశం కోసం' అన్న మాటతో సరిపెట్టుకోలేను. హేబర్ పైవాళ్లు చెప్పిన పని చేసిన ఉద్యోగి కాదు. సిలిండర్లు విప్పి గాలివాటున క్లోరిన్ వదలాలని పట్టుబట్టాడు, స్వయంగా యుద్ధరంగానికి వెళ్లి ఏర్పాట్లు చూశాడు. జర్మన్ శాస్త్రవేత్తలు ఓటో హాన్, జేమ్స్ ఫ్రాంక్ ఆ విషవాయువు దళంలో చేరారు. మరో శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ మాత్రం ఆ పనికి రానన్నాడు. దేశం అదే, యుద్ధం అదే. కాదనడానికి దారి ఉంది కాబట్టే బోర్న్ కాదనగలిగాడు.

హేబర్ భార్య క్లారా ఇమ్మర్‌వార్ కూడా కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసినావిడ. ఈప్ర దాడి జరిగిన పది రోజులకు, మే 2న, భర్త రివాల్వర్‌తోనే కాల్చుకుని చనిపోయింది. ఎందుకన్నది ఆమె రాతలో మనకు మిగల్లేదు. అందుకని ఆమె చావును నా వాదనకు వాడుకోను, చార్టులోనూ పెట్టను.

బ్రాడీపేట నుంచి
మీరిద్దరూ అమ్మోనియాని పుణ్యం ఖాతాలో, క్లోరిన్‌ని పాపం ఖాతాలో వేస్తున్నారు. లెక్క అంత తేలిక కాదు. బ్రిటిష్ నౌకాదళం అడ్డుపడటంతో చిలీ నుంచి జర్మనీకి నైట్రేటు రావడం ఆగిపోయింది. నైట్రేటు లేనిదే నైట్రిక్ ఆమ్లం లేదు, అది లేనిదే పేలుడు మందు లేదు. 1909లో హేబర్ ల్యాబ్‌లో చేసి చూపించినదాన్ని కార్ల్ బాష్ అనే మరో కెమిస్ట్ 1913కల్లా జర్మనీలోని ఓపావులో ఫ్యాక్టరీగా నిలబెట్టాడు. తర్వాత ఆ అమ్మోనియానే నైట్రిక్ ఆమ్లంగా మార్చారు. జర్మనీ అన్నేళ్లు యుద్ధం చేయగలగడానికి అదొక కారణం. ఫిరంగి గుండ్లకు పోయిన ప్రాణాలు విషవాయువులకు పోయినవాటి కన్నా ఎన్నో రెట్లు. రాస్తే ఇదీ రాయండి. బాష్ పేరు కూడా వేయండి, పాపం ఆయన్ని అందరూ మర్చిపోతారు.

ఇంటర్ సెకండియర్, గుంటూరు
హేబర్ పద్ధతిలో అమ్మోనియా తయారీకి 450 డిగ్రీలు, 200 అట్మాస్ఫియర్లు, ఐరన్ ఉత్ప్రేరకం, మాలిబ్డినం ప్రమోటర్ అన్నీ మాకు నోటికి వచ్చు. ఆ హేబర్ ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ మాకు చెప్పండి సార్. పరీక్షలో రాకపోయినా వింటాం.

ప్రత్తిపాడు మిర్చి
నా మాట మారలేదు. కోట్ల మందికి అన్నం పెట్టిన పనిని ఒక యుద్ధంతో తూచకూడదు. అయినా మీరు క్లోరిన్ రాసి తీరతానంటే 1933 కూడా రాయండి. యూదు ఉద్యోగులను తీసేయమని నాజీ చట్టం వచ్చినప్పుడు, యుద్ధంలో చేసిన సేవ వల్ల తన ఉద్యోగానికి మినహాయింపు ఉన్నా, తన దగ్గర పనిచేసే యూదులను తీసేయలేక, పుట్టుకతో యూదుడైన హేబర్ రాజీనామా చేశాడు. దేశం వదిలి వెళ్లి 1934 జనవరిలో స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు. మీ మాక్స్ బోర్న్ లాగే ఆయనా ఒకసారి కాదన్నాడు సార్.

బెంజిసర్కిల్ మాస్టారు
రాస్తాను బాబూ, తప్పకుండా. చోటు చాలకపోతే 450 డిగ్రీల లైను తీసేస్తాను, అది ఎలాగూ పుస్తకంలో ఉంది.